కొలను అడుగున పట్టుకున్న చెయ్యి

ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం. పొద్దున లేచింది మొదలు అయిన పనులు: పాలు కాచాను. మావారికి రొట్టె, గుడ్డు. పెద్దమ్మాయికి ఓట్స్, పండ్ల ముక్కలు. చిన్నవాడికి వాడు ఆ పూట తింటానన్నదేదో అది. అత్తగారి మాత్రలు వారానికి సరిపడా డబ్బా అరల్లో సర్దాను. రెండు బకెట్ల బట్టలు ఉతికి ఆరేశాను. పొయ్యి తుడిచాను. ఇంటి పద్దు నిన్నటిదాకా సరిచూసుకున్నాను. మధ్యలో రెండుసార్లు టీ తాగాను. చీర ఇస్త్రీ చేసుకుని ఇక్కడికి వచ్చాను.

(నవ్వులు)

నవ్వండి, ఫర్వాలేదు. ఏది మొదలుపెట్టినా తారీకు వేసి, ఆ రోజు అయిన పనులు ఒకసారి అప్పజెప్పుకుంటే గానీ నాకు నోరు పెగలదు. అందుకే ఇక్కడ అందరూ నన్ను లెక్కలమ్మ అంటారు.

సభకు అధ్యక్షత వహిస్తున్న క్రీడా కార్యాలయం సూపరింటెండెంటు గారికి, ఈ రోజు ఉద్యోగ విరమణ చేస్తున్న మన మాస్టారికి, తెల్లవారుజామున నాతో కలిసి చెమటలు కక్కే అక్కయ్యలకీ అన్నయ్యలకీ, వాళ్లను తీసుకుపోవడానికి వచ్చి తప్పనిసరై కూర్చున్న ఇంట్లోవాళ్లకీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లకు నేను కనబడకపోతే ఆ తప్పు నాది కాదు. ఈ నేల మీ వైపుకు వాలుగా ఉంది. కుర్చీ కాళ్లు గట్టిగా ఆనించుకోండి.

మొదటిసారి వచ్చినవాళ్ల కోసం చెప్తున్నాను. మనం కూర్చున్నది ఈతకొలను అడుగున. గోడల మీద, మీ తలల కన్నా ఎత్తున కనబడే ఆ అంకెలు నీళ్ల లోతు గుర్తులు. అదిగో, సగంలో ఆగిపోయి గాల్లో వేలాడుతున్న ఇనప మెట్లు ఈతగాళ్లు ఎక్కి బయటికి పోవడానికి పెట్టినవి; మనం దిగింది ఈ పక్కనున్న సిమెంటు మెట్ల మీద. పైపులు పాడై నీళ్లు తోడేశాక, మళ్లీ నింపడానికి కార్యాలయం దగ్గర డబ్బులేక, దీనికి చాలాకాలం తాళం పెట్టి ఉంచారట. సూపరింటెండెంటు గారు తల వంచుకోనక్కర్లేదు, అది మీరు రాకముందు సంగతి. (నవ్వులు) అప్పుడు ఈత నేర్పే ఉద్యోగంలో ఉన్న మాస్టారు, నీళ్లు లేకపోతే ఏమైంది, నేల ఉంది కదా అని ఆ తాళం తీయించి, ఇదే కొలనులో మాలాంటివాళ్లను పోగేసి పరుగూ, బరువులెత్తడమూ, ఒళ్లు వంచడమూ నేర్పారు. పద్దెనిమిదేళ్లు. ఇన్నేళ్లయినా ఇక్కడ మందు కలిపిన నీళ్ల వాసన పోలేదు. కొన్ని పొద్దుల్లో ఆ లోతు చివర నీళ్లు పోయే జాలీ దగ్గర పలకలు తడిగా కూడా ఉంటాయి. ఎక్కణ్ణుంచి వస్తుందో ఎవరికీ తెలియదు. తుడుస్తాం, మొదలుపెడతాం.

మాస్టారు చెప్పిందేమీ పెద్ద శాస్త్రం కాదు. ఖాళీ కడుపుతో పరుగెత్తకండి, కనీసం ఒక అరటిపండు తినండి. చెమటతో నీళ్లే కాదు, ఉప్పు కూడా పోతుంది, కాబట్టి నిమ్మనీళ్లలో చిటికెడు వేసుకోండి. వారంలో ఒక రోజు ఒంటికి సెలవివ్వండి. నిద్ర తగ్గించి వ్యాయామం పెంచకండి. జ్వరం వచ్చినప్పుడు, తగ్గాక కూడా కొన్నాళ్లు, ఒంట్లో ఓపిక ఉందనిపించినా పరుగు జోలికి పోకండి. ఇంతే. ఇంత చిన్న మాటలు వినడానికి మాకు ఇన్నేళ్లు పట్టింది.

మూడో వరసలో నీలం చొక్కా వేసుకుని, నేను ఏం చెప్తానో అని భయంభయంగా చూస్తున్నది మావారు. ఇక్కడ పేరు రాయించుకున్న కొత్తలో ఆయన కండలు రావాలని ఒక పెద్ద డబ్బా పొడి కొన్నారు. పూటపూటా పాలల్లో కలుపుకుని తాగేవారు గానీ ఈ మెట్లు మాత్రం దిగేవారు కాదు. ఒకనాడు మాస్టారు ఆయన్ని బజార్లో పట్టుకుని, "ఏమండీ, పొడి తాగి పడుకుంటే కండలు ఎవరికొస్తాయి, మంచానికా?" అన్నారు. (నవ్వులు) మర్నాటి నుంచి వచ్చారు. ఆ డబ్బాలో ఇప్పుడు నేను పంచదార పోసుకుంటున్నాను.

ఆ పక్కన తెల్ల చొక్కాలో దర్జీ అన్నయ్య. గంటసేపు చెమటోడ్చి, ఇంటికి పోతూ బేకరీ దగ్గర ఆగి, "నడిచాం కదా, ఇది దాని కూలీ" అని రెండు కేకులు తినేవాడు. ఆయన చొక్కాలు ఆయనే వదులు చేసుకోవాల్సి వచ్చాక మానేశాడు.

"మానలేదు చెల్లెమ్మా, ఒకటికి తగ్గించా!"

(నవ్వులు)

సరే, ఒకటి. ఇంక నేను నవ్వించను. ఈ పూట నేను లేచింది మాస్టారిని పొగడడానికి కాదు. పొగడ్తలు మీరందరూ చక్కగా చేశారు, శాలువా కూడా కప్పారు. రేపు ఉదయం ఆయన తమ్ముడి ఊరికి వెళ్లిపోతున్నారు. ఈ నలుగురి ముందు అడగకపోతే నేను ఇంకెప్పుడూ అడగలేను. మాస్టారి గుండె సరిగ్గా లేదు. ఆ సంగతి ఆయన మనకు చెప్పకుండా దాస్తున్నారు. ఆయన ఇంత మందిలో ఆస్పత్రికి వెళ్తానని మాట ఇస్తే తప్ప నేను ఈ మైకు వదలను.

నాకెలా తెలుసో చెప్తాను.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పొద్దున మొదలుపెట్టే ముందు అందరం ఆ లోతు చివర గుండ్రంగా, లోపలికి తిరిగి నిలబడతాం. కళ్లు మూసుకోవాలి. ఎవరికి వాళ్లు ఎడమ చెయ్యి చాచి, ఎడమ పక్కనున్నవాళ్ల కుడి మణికట్టు పట్టుకుని నాడి చూడాలి. మాస్టారు స్టాప్‌వాచీ చూసి "మొదలు" అంటారు, కాసేపటికి "ఆపండి" అంటారు. అప్పుడు వరసగా ఒక్కొక్కరం పక్కవాళ్ల నంబరు పైకి చెప్తాం. ఆ తరవాతే "చేతులు దించండి, కళ్లు తెరవండి." వ్యాయామం అయ్యాక మళ్లీ అదే, కాకపోతే అటు నుంచి ఇటు: ఎడమ పక్కవాళ్లు మనది చూస్తారు. ఎవరి నాడి వాళ్లు చూసుకోకూడదు. "మన ఒంటి గురించి మనకు మనమే ఎక్కువ అబద్ధాలు చెప్పుకుంటాం. మీ నంబరు పక్కవాళ్ల నోటినుంచే వినండి, విన్నాక ఎదురు చెప్పకండి," అనేవారు మాస్టారు. నంబరు ఎక్కువైతే ఆ రోజుకు ఇంటికి పోవాల్సిందే.

కళ్లు మూసుకుని ఇక్కడ నిలబడితే ఎలా ఉంటుందో మీకు తెలియదు. మాట్లాడిన ప్రతి మాటా గోడకు తగిలి ఇంకో వైపు నుంచి వస్తుంది. పక్కనున్నవాళ్లు దూరంగా, దూరంగా ఉన్నవాళ్లు చెవి దగ్గర. నిండా నీళ్లున్నట్టూ, మనం వాటి అడుగున నిలబడి ఊపిరి తీసుకుంటున్నట్టూ ఉంటుంది. చేతికి అందిన ఆ మణికట్టు ఒక్కటే నమ్మకం.

నా కుడి పక్క మాస్టారు వలయంలోకి వచ్చిపోవడానికి వదిలిన దారి, అటు నా నాడి చూసేవాళ్లు లేరు; నా నంబరు చెప్పేది ఎప్పుడూ ఎడమ పక్కనుండే ఈల అక్క ఒక్కతే. పాతవాళ్లందరికీ గుర్తే. బస్సు కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి. మెడలో ఈల, కుడి చేతికి నోట్లు చుట్టే రబ్బరు బ్యాండ్లు రెండు. ఉద్యోగం మానేసి ఎన్నేళ్లయినా అవి తీయలేదు. "తీస్తే చెయ్యి తేలిపోయినట్టుంటదే," అనేది. మాలో అందరికన్నా గట్టిది. సైకిలు మీద వంతెన ఎక్కి వచ్చేది. నేను ఇంట్లోవాళ్లందరికీ పెట్టి ఏమీ తినకుండా వస్తానని తెలిసి, తన డబ్బాలోంచి ఉడికించిన గుడ్డో, గుప్పెడు వేరుశనగలో నా నోట్లో కుక్కి గానీ వలయంలో నిలబడనిచ్చేది కాదు. "ఒసే లెక్కలూ, అందరి తిండీ రాస్తావు, నీ పేరు మీద ఏదే పద్దు?" అని తిట్టేది.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున అక్క మణికట్టు పట్టుకుంటే కాలింది. నంబరు చెప్పాను. నేను చెప్పిన నంబరు విని మాస్టారు దగ్గరికొచ్చి నుదురు ముట్టుకుని, "జ్వరం ఉంది. ఇంటికెళ్లి పడుకోండి," అన్నారు.

"రాత్రే తగ్గింది మాస్టారూ. ఇది పిల్లజ్వరం."

"పిల్లదైనా పెద్దదైనా పడుకోండి. సైకిలు ఇక్కడే ఉంచండి."

అక్క మూతి ముడుచుకుంది. మెట్లు ఎక్కుతూ నావైపు తిరిగి, "ఇవాళ నీ నంబరు చెప్పకుండానే పోతున్నానే లెక్కలూ. నా పేరు మీద బాకీ రాసుకో. తీరుస్తా," అంది. బయట సైకిలు తీసుకుంది. ఇంటికి పోలేదు. ఒంట్లో ఏమీ లేదని చూపించుకోవడానికే కాబోలు, వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోదామనుకుంది. వంతెన నడిమధ్యలో పడిపోయింది. గుండె అన్నారు. జ్వరం గుండెకు దిగిందన్నారు.

మేం మళ్లీ ఇక్కడ చేరిన రోజున నా ఎడమ పక్క ఖాళీ. ఆ ఖాళీకి అవతల దర్జీ అన్నయ్య. జరిగి దగ్గరికి రమ్మంటారేమో అనుకున్నాం. మాస్టారు అనలేదు. "కొన్నాళ్లు ఆ చోటు అలాగే ఉంచుదాం," అన్నారు. కళ్లు మూసుకున్నాం. "మొదలు" అని వినబడింది. అలవాటుగా నా ఎడమ చెయ్యి చాచాను. వెనక్కి తీసుకుందామనుకునే లోపల అందులోకి ఒక మణికట్టు వచ్చింది.

దర్జీ అన్నయ్య చెయ్యి చాచాడనుకున్నాను. మనసులో దండం పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాను. నాడి చూశాను, నంబరు చెప్పాను. చేతులు దించి కళ్లు తెరిచేసరికి అన్నయ్య తన చోట తను నిలబడి ఉన్నాడు. రోజూ అదే. ఒక పక్షం గడిచాక అన్నయ్య నన్ను మెట్ల దగ్గర ఆపి, చుట్టూ చూసి, చిన్న గొంతుతో అడిగాడు.

"చెల్లెమ్మా, ఏమీ అనుకోకు. రోజూ ఎవరి నంబరు చెప్తున్నావు?"

"నీదే కదన్నయ్యా?"

"నా కుడి చెయ్యి అక్క పోయిన రోజు నుంచి ఎవరూ ముట్టుకోలేదమ్మా. ఆ చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడుతున్నా. నువ్వేదో దిగులు కొద్దీ నోటికొచ్చిన అంకె చెప్తున్నావనుకుని ఊరుకున్నా."

ఆ పూట ఇంటికెళ్లి కూరలు తరుగుతున్నాను. తరుగుతున్నది బీట్‌రూటు. వేళ్లన్నీ ఎర్రగా అయ్యాయి. దాన్ని చూస్తూ కూర్చుంటే ఒక ఆలోచన వచ్చింది. మర్నాడు వచ్చే ముందు ఒక ముక్క కోసి ఎడమ చేతి వేళ్లకు బాగా పట్టించుకున్నాను. వలయంలో మణికట్టు వచ్చింది, పట్టుకున్నాను. కళ్లు తెరిచాక అందరి చేతులూ చూశాను. ఒక్కరికీ మరక లేదు. అప్పుడు మాస్టారిని చూస్తే చొక్కా కుడి చెయ్యి గుండీ పెట్టుకుంటున్నారు. గుండీ పట్టీ అంచున ఎర్రటి గీత.

మాస్టారూ, మీరు తల అటు తిప్పుకున్నా మరక మరకే. (నవ్వులు)

నేను గాల్లోకి చెయ్యి చాచి వెతుక్కోవడం చూడలేక, ఆయన చప్పుడు కాకుండా వచ్చి అక్క చోట నిలబడి తన చెయ్యి ఇచ్చేవారు. నేను కళ్లు తెరిచే లోపల వెళ్లిపోయేవారు. అది తెలిశాక నా ప్రాణం కుదుటపడింది. ఆయనకు చెప్పలేదు. చెప్తే మానేస్తారని భయం. మళ్లీ పరీక్షలూ పెట్టలేదు. లెక్క ఒకసారి సరిపోతే మళ్లీ కూడే అలవాటు నాకు లేదు.

కానీ రెండో నెల వచ్చేసరికి ఆ నాడి మారింది. నాలుగైదు సార్లు సరిగ్గా కొట్టుకునేది, తరవాత ఒక దెబ్బ ఎగ్గొట్టేది. ఒక్క క్షణం ఏమీ ఉండేది కాదు. ఆ వెనక ఒక్కటి గట్టిగా, తలుపు మీద గుద్దినట్టు వచ్చేది. చెయ్యి కూడా చల్లబడింది. ముందు వెచ్చగా ఉండేది, ఇప్పుడు కొళాయి కింద పెట్టి తీసినట్టు. సన్నబడింది కూడా. మణికట్టు చుట్టూ సన్నటి తాడు లాంటిదేదో రెండు చుట్లు నా వేళ్లకు తగిలేది. స్టాప్‌వాచీ తాడు చుట్టుకున్నారనుకున్నాను. పోనుపోను ఆ ఎగ్గొట్టడం ఎక్కువైంది. ఈ నెలలోనైతే మూడు కొట్టుకుంటే ఒకటి లేదు. నేను ఎంత గట్టిగా పట్టుకున్నా ఆ ఖాళీ వస్తూనే ఉంది. నేను నంబరు పైకి చెప్పేదాన్ని, "తప్పుతోంది" అని మాత్రం ఎలా చెప్పను? చెప్తే ఆయన రహస్యం నలుగురిలో పెట్టినట్టు. ఆయనకే తెలుసు కదా, ఆయనే వెళ్తారు కదా అనుకున్నాను. వెళ్లలేదు. ఇప్పుడు ఊరే వదిలి వెళ్తున్నారు.

మాస్టారూ, వలయంలో మీరు పెట్టిన నియమమే అడుగుతున్నాను. మీ నంబరు పక్కవాళ్ల నోటినుంచి వినాలి, విన్నాక ఎదురు చెప్పకూడదు. ఇలా రండి. కుడి చెయ్యి ఇవ్వండి.

(మాస్టారు లేచి మైకు దగ్గరికి వచ్చారు. చప్పట్లు)

చప్పట్లు వద్దు, నాకు వినబడదు. కళ్లు మూసుకుంటున్నాను. ఇదిగో, పట్టుకున్నాను.

(నిశ్శబ్దం)

ఉంది. మూడు కొట్టుకుంది, ఒకటి పోయింది. మళ్లీ... మళ్లీ పోయింది. సూపరింటెండెంటు గారూ, మీరే సాక్షి. ఆస్పత్రి నర్సమ్మా, ముందు వరసలోనే ఉన్నావుగా, విన్నావు కదా? మాస్టారూ, ఎదురు చెప్పకండి.

"ఎదురు చెప్పను గానీ అమ్మా, ఒక్కసారి కళ్లు తెరిచి మీ చెయ్యి చూసుకోండి."

చూశాను.

"ఏ వేలు పెట్టారు?"

(అక్కడక్కడా నవ్వులు, వెంటనే ఆగిపోయాయి)

బొటనవేలు. పిడికిలి బిగించి పట్టుకున్నాను. నా బొటనవేలు ఆయన మణికట్టు మీద అదిమి ఉంది.

ఇక్కడున్న పాతవాళ్లకు చెప్పనక్కర్లేదు. మొదటి రోజు మొదటి పాఠం అదే. బొటనవేలితో నాడి చూడకండి, ఆ వేల్లో కొట్టుకునే మీ సొంత నాడి మీకు తెలుస్తుంది, పక్కవాళ్లది కాదు. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ మాట చెప్పి వేళ్లు సరిచేసేది నేనే. అక్క పోయాక చూడడం మానేసి పట్టుకోవడం మొదలుపెట్టానన్నమాట. పట్టుకుంటే బొటనవేలు దానంతటదే వచ్చి పడుతుంది.

"ఇప్పుడు రెండు వేళ్లు పెట్టి చూడండి."

పెట్టాను. ...మాస్టారిది గడియారంలా కొట్టుకుంటోంది. ఒక్కటి కూడా తప్పడం లేదు.

"ఇటివ్వండి మీ చెయ్యి."

(మాస్టారు ఆమె నాడి చూస్తున్నారు)

చెప్పండి మాస్టారూ. నేనూ ఎదురు చెప్పను.

"మూడింటికి ఒకటి పోతోందమ్మా. మీ ఎడమ పక్క ఎవరూ లేరు. ఇన్నాళ్లూ మీ నంబరు ఎవరూ చెప్పలేదు. నేను చూసుకోవాల్సింది. ఇందాక మీ పనులన్నీ చదివారు, శ్రద్ధగా విన్నాను. ఇంట్లో అందరూ తిన్నారు. మీరు రెండుసార్లు టీ తాగారు. పొద్దున్నించి ఏం తిన్నారు?"

...ఏమీ లేదు.

"నిన్న పొద్దున?"

టీ.

"అక్క పోయిన దగ్గర్నుంచీ ఇంతేనా?"

(మూడో వరసలోంచి ఆమె భర్త లేచి నిలబడ్డారు)

కూర్చోండి, మీరు కంగారుపడకండి. మాస్టారూ, ఆ పండ్ల బుట్ట మీకు సన్మానంలో ఇచ్చింది, దాంట్లోంచి నాకెందుకు... సరే. సరే, తింటాను. ఇంతమంది చూస్తుంటే అరటిపండు తినడం ఎంత కష్టమో మీకు తెలియదు.

(నవ్వులు. నర్సమ్మ లేచి, "రేపు పొద్దున్నే ఈసీజీ. నేనే వచ్చి తీసుకుపోతా. అందాకా మెట్లెక్కడం కూడా మెల్లగా," అంది)

అలాగే నర్సమ్మా. ఎదురు చెప్పను.

ఒక్కటి అడిగి ముగిస్తాను. మాస్టారూ, మీరు రోజూ చెయ్యి ఇస్తూనే ఉన్నారు కదా, నేను పిడికిలి బిగించి పట్టుకుంటున్నానని మొదట్లోనే ఎందుకు చెప్పలేదు?

"రోజూ ఎక్కడమ్మా? ఆ మొదటి నెలే. తరవాత నా స్టాప్‌వాచీ పాడైంది. గోడ గడియారం ఈ చివరన ఉంది కదా, దీని కిందే నిలబడి మీకు వీపు పెట్టి సమయం చెప్తున్నాను. మీరు నంబరు చెప్తూనే ఉంటే, దర్జీ గారు దగ్గరికి జరిగారనుకున్నాను."

అన్నయ్యా?

"నేను... ఇందాక నువ్వు చెప్తే మాస్టారే వస్తున్నారనుకున్నా చెల్లెమ్మా. నేను జరగలేదు."

(ఆమె మాస్టారి రెండు మణికట్లూ మార్చి మార్చి చూసింది)

స్టాప్‌వాచీ తాడు మీరు ఏ చేతికి చుట్టుకునేవారు?

"ఎడమ చేతికి. ఎప్పుడూ ఎడమే."

నేను పట్టుకున్నది కుడి చెయ్యి.

(వెనక వరసల్లో కుర్చీలు కదిలిన చప్పుడు)

ఎవరూ వెనక్కి తిరగనక్కర్లేదు. మీరందరూ నన్ను చూస్తూ కూర్చున్నారు. మీ వెనక ఏముందో ఇందాకటి నుంచీ నాకు కనబడుతూనే ఉంది. అక్కడేమీ లేదు. జాలీ ఉంది, దాని చుట్టూ పలకలు తడిగా ఉన్నాయి. సభకు ముందు వచ్చి నేను తుడిచినవే.

నాకు భయం లేదని చెప్తే అబద్ధమవుతుంది. మైకు గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. కానీ ఇల్లు నడిపేదాన్ని, ఏది ఎందుకు ఖర్చయిందో చూసుకోకుండా ఉండలేను. మాస్టారు రావడం మానేసిన రోజు నుంచే ఆ నాడి తప్పడం మొదలైంది. అది నా నాడి. నా బొటనవేల్లో కొట్టుకున్నది. ఆ చెయ్యి లేకపోతే నేను గాలిని పట్టుకునేదాన్ని, గాలి మీద నాడి తెలియదు. పట్టుకోవడానికి ఒక మణికట్టు దొరకబట్టే రోజూ నా గుండె ఏం చేస్తోందో నా వేలికి తెలిసింది. అది మాస్టారిదనుకుని నేను ఇంత దిగులుపడకపోతే, ఈ పూట ఇలా నలుగురి ముందు నిలబడి మాస్టారి చెయ్యి అడిగేదాన్ని కాదు. ఆయన నాది చూసేవారు కాదు. నేను రేపు పొద్దున మళ్లీ రెండు టీలు తాగి, వంతెన మీద పరుగుకు వెళ్లేదాన్ని.

అవునండీ, రేపు వంతెన మీద పరుగు అనుకున్నాను. మాస్టారు ఊరు వెళ్తున్న రోజు, ఇక్కడ వ్యాయామం ఉండదు కదా అని. మావారికి కూడా చెప్పలేదు.

ఇంక పొడిగించను. మాస్టారూ, మీరు నీళ్లు లేని కొలనులో ఇంతమందిని మునగకుండా చూశారు. మీ తమ్ముడి ఊళ్లో ఎవరైనా మీ ఎడమ పక్క నిలబడేవాళ్లను వెతుక్కోండి. మీ నంబరు చెప్పడానికి మీకూ ఒక మనిషి కావాలి. ఎల్లుండి నుంచి మా వలయంలో ఆ ఖాళీ ఉంచం. దర్జీ అన్నయ్య జరిగి నా పక్కకు వస్తాడు, డాక్టరు సరేనన్న రోజున నేనూ వచ్చి నిలబడతాను. కొత్తవాళ్లకు వేళ్లు సరిచేసే పని మాత్రం ఇంకెవరైనా తీసుకోండి. సభ జరుపుకోవడానికి అనుమతిచ్చిన సూపరింటెండెంటు గారికి, ఓపికగా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. మెట్లు ఎక్కేటప్పుడు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎక్కండి, రెండు వేళ్లయినా చాలు. నాకు సెలవిప్పించండి.

ఈ రోజు పద్దు పూర్తి చేసి దిగుతాను. తిన్నది: అరటిపండు, ఒకటి, నా పేరు మీద. ఈల అక్క చెప్పాల్సిన నా నంబరు: ముట్టింది. అక్క పేరు మీద బాకీ లేదు.